ఖరీదైన వేట దుస్తులు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ చెయ్యి బిగించాలి

వేట సామాను అమ్మే కొట్లో రెండు జాకెట్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. రెంటి మీదా మనిషి అడవిలో కలిసిపోయేలా వేసిన ఆకుల మచ్చలే. రెంటి చీటీ మీదా వాన ఆపుతుందనే రాసి ఉంటుంది. ఒకదాని ధర మాత్రం రెండోదానికి నాలుగింతలు, ఒక్కోసారి ఆరింతలు. చేత్తో పట్టుకుని చూస్తే తేడా ఎక్కడుందో అంతుపట్టదు. కొత్తగా లైసెన్సు తీసుకుని వేటకు బయల్దేరే వాళ్ళకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే: ఆ నాలుగింతలు పెడితే నిజంగా ఏమైనా దక్కుతుందా?

కొన్ని బట్టలకు దక్కుతుంది, ఎక్కువ వాటికి దక్కదు. జంతువు కళ్ళు కప్పడంలో ఖరీదైన బట్టకూ చవక బట్టకూ పెద్ద తేడా లేదు. ఖరీదైనది చేసే అసలు పని మనిషిని అడవిలో ఇంకో మూడు గంటలు నిలబెట్టడం. అందుకే కొనేముందు మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి. మిమ్మల్ని వేళకు ముందే వెనక్కి మళ్ళించేది ఏది? చలా, తడా, చెమటా, కాళ్ళ నొప్పా? దానికి జవాబు దొరికితే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా దొరికినట్టే.

ఈ విషయం మీద నాకు పట్టింపు ఎక్కువ. అందుకు కారణం సౌకర్యం ఒక్కటే కాదు. చలికి వేళ్ళు కొయ్యబారిన మనిషి ట్రిగ్గర్ నిదానంగా నొక్కలేడు. తడిసి వణికేవాడు "ఇక చాలు, ఏదో ఒకటి కాల్చి పోదాం" అనే స్థితికి వస్తాడు. దూరం ఎక్కువైనా, కోణం సరిగ్గా లేకపోయినా కాల్చేస్తాడు. ఆ గుండు తగలాల్సిన చోట తగలక జంతువు గాయంతో పారిపోతే, దాని బాధకు ఆ తొందరే కారణం. ఒంటి మీద సరైన బట్ట ఉన్నవాడికి "ఇప్పుడు కాల్చను" అని ఆగే ఓపిక ఉంటుంది. వేట బట్టల్లో నేను మొదట చూసేది ఆ ఓపికనే.

ముందు మీరు కూర్చునేవారా, నడిచేవారా తేల్చుకోండి

బట్ట గురించి ఏ సలహా అయినా దీని మీదే ఆధారపడుతుంది. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి పుట్టే వేడి ఇంచుమించు 100 వాట్లు. అదే మనిషి వీపున బరువు వేసుకుని ఏటవాలు ఎక్కితే ఆ వేడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొదటివాడికి ఉన్న వేడి పోకుండా కాపాడే బట్ట కావాలి. రెండోవాడికి పుట్టే వేడినీ చెమటనీ బయటికి పంపే బట్ట కావాలి. ఒకే జాకెట్ ఈ రెండు పనులూ చక్కగా చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ధర ఎంతైనా సరే.

మంచె మీదో, మాటులోనో తెల్లవారకముందే వెళ్ళి కూర్చునే వేట తీసుకోండి. బండి దిగిన చోటు నుంచి మంచె దాకా నడక కొద్దిపాటిదే. బట్ట బరువుగా ఉన్నా, మడిస్తే మోపెడైనా ఇబ్బంది లేదు. కావలసింది వెచ్చదనం, నిశ్శబ్దం. ఖరీదైన కంపెనీలు ఎక్కువ డబ్బు వసూలు చేసేది మాత్రం తేలికతనానికి. అదే వెచ్చదనాన్ని సగం బరువులో ఇవ్వడానికి మేలురకం ఈకలు, సన్నని గట్టి నైలాన్, కొత్త రకం అల్లికలు వాడతారు. ఖర్చంతా అక్కడే అవుతుంది. కూర్చునేవాడికి ఆ తేలికతనంతో పనే లేదు. వాడని గుణానికి డబ్బు కట్టడం అంటే ఇదే.

కొండల్లో రోజుల తరబడి తిరిగే వేట దీనికి పూర్తిగా ఎదురు. తిండి, గుడారం, నీళ్ళు, బట్టలు, వేట దొరికితే తిరుగుదారిలో మాంసం, అన్నీ వీపు మీదే. ఇక్కడ ప్రతి వంద గ్రాములూ లెక్కే. బట్ట తడిస్తే ఆరబెట్టుకోవడానికి ఇల్లు లేదు, బండి లేదు. ఒంటి వేడితోనే ఆరాలి. ఖరీదైన దుస్తులు నిజంగా తమ విలువ చూపించేది ఇక్కడే.

పొదల్లో పిట్టల వేటకు తిరిగేవాళ్ళకు ఈ రెండూ కాదు, ముళ్ళను తట్టుకునే బట్ట కావాలి. తేలికైన ఖరీదు ప్యాంటు ముళ్ళకంచెల్లో ఒక్క సీజన్‌కే చీలికలు పేలికలవుతుంది. మోకాళ్ళ మీదా తొడల మీదా మందపాటి నైలాన్ కుట్టిన ప్యాంటు, లేదా మైనం పట్టించిన నూలు బట్ట ఇక్కడ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నీటి పక్షుల వేటలో వేడర్ మీదే, అంటే నీళ్ళలో దిగడానికి తొడుక్కునే నీరు దూరని పొడవాటి తొడుగు మీదే ఆశలన్నీ. అది కారితే పైన ఎంత గొప్ప జాకెట్ వేసుకున్నా ఆ ఉదయం అయిపోయినట్టే.

ఒంటికి తగిలే పొర

ఇక్కడ ఒక్క విషయం ఖాయం చేసుకోండి: చల్లటి వాతావరణంలో నూలు బనియన్, నూలు ప్యాంటు వద్దు. నూలు చెమటను పీల్చుకుని పట్టుకుని కూర్చుంటుంది. నీరు గాలి కంటే ఇంచుమించు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. నడిచినంతసేపూ తెలియదు, ఆగి కూర్చున్న పావుగంటకు వణుకు మొదలవుతుంది. చలికాలపు వేటకు జీన్సు వేసుకుని వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జీన్సు మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, అది రంగుల దగ్గర చెబుతాను.

మిగిలినవి పాలిస్టర్, మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్ని. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం కూడా తేమ పీల్చదు కాబట్టి త్వరగా ఆరుతుంది, చవక, చాలాకాలం మన్నుతుంది. దాని రోగం వాసన. ఒంటి నూనెలు దానికి అంటుకుంటాయి, రెండో రోజుకే కంపు. మెరినో పోగు తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమను ఆవిరిగా లోపలికి తీసుకుని కూడా ఒంటికి తడిగా తగలదు. అలా తీసుకునేటప్పుడు కాస్త వేడిని కూడా పుట్టిస్తుంది. రోజుల తరబడి వేసుకున్నా వాసన పట్టదు. దురద పెట్టకూడదంటే పోగు సన్ననిదై ఉండాలి, 19 మైక్రాన్ల లోపు ఉంటే ఎక్కువమంది ఒంటికి పడుతుంది.

మెరినోకు ఎక్కువ పెట్టవచ్చు, నా ఓటు దానికే. కానీ వేట బొమ్మ వేసిన మెరినోకు పెట్టనక్కర్లేదు. లోపలి పొర మీద ఆకుల మచ్చలు ఉండి ఏం లాభం, దాని మీద ఇంకో మూడు పొరలు వస్తుంటే? కొండలెక్కేవాళ్ళకు అమ్మే సాదా రంగు మెరినో అదే ఉన్ని, తరచుగా తక్కువ ధర. చదరపు మీటరుకు 150 గ్రాముల పలచటి రకం హాయిగా ఉంటుంది గానీ భుజాల దగ్గర బ్యాగు పట్టీ రాసుకుని త్వరగా చిల్లులు పడుతుంది. నైలాన్ పోగు కలిపి నేసినది ఎక్కువకాలం నిలుస్తుంది. కూర్చునే వేటకు 250 గ్రాముల రకం తీసుకోండి. ఒక్కరోజులో వెళ్ళి వచ్చేసే వేట అయితే, ఆ సాయంత్రమే ఉతుక్కునే వీలుంటే, పాలిస్టర్‌తో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

సాక్సు మాత్రం మంచి ఉన్నివే కొనండి, రెండు జతలు. మొత్తం సామానులో తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖం ఇచ్చేవి అవే.

మధ్య పొర: చవకదే గెలిచే చోటు

ఫ్లీస్ అంటే పాలిస్టర్ పోగుకు నూగు తేల్చి చేసే మెత్తటి బట్ట. అది 1979లో మాల్డెన్ మిల్స్ అనే అమెరికా మిల్లులో పుట్టింది. ఆ మిల్లు దానికి పేటెంటు తీసుకోలేదు. అందువల్ల ప్రపంచంలో ఎవరైనా దాన్ని తయారుచేయవచ్చు, అందుకే అది ఇంత చవక. ఫ్లీస్ వెచ్చదనం అది తన నూగులో పట్టి ఉంచే గాలి మీద, అంటే మందం మీద ఆధారపడుతుంది. రెండు ఫ్లీసులు ఒకే మందంతో ఉంటే పేరున్న కంపెనీది నాలుగింతలు వెచ్చగా ఏమీ ఉండదు. పైగా ఫ్లీస్ చప్పుడు చేయదు, తడిసినా నీరు పిండేస్తే మళ్ళీ వెచ్చగా ఉంటుంది. గాలిని ఆపలేకపోవడం, ముళ్ళకాయలూ గడ్డిగింజలూ అంటుకుంటే వదలకపోవడం, ఈ రెండే దాని లోపాలు. వేట బట్టల్లో డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే మొదట ఇక్కడే మిగుల్చుకోండి.

ఈకల జాకెట్ కథ వేరు. దాని నాణ్యతకు కొలత ఉంది, ఫిల్ పవర్ అంటారు: ఒక ఔన్సు ఈకలు పొంగి ఎన్ని ఘనపు అంగుళాలు ఆక్రమిస్తాయో ఆ సంఖ్య. 800 అంటే మంచి రకం, 550 అంటే మామూలు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఫిల్ పవర్ ఎక్కువుంటే వెచ్చదనం ఎక్కువని కాదు, అదే వెచ్చదనానికి బరువు తక్కువని. 550 రకం ఈకలు ఎక్కువ కూరిన జాకెట్ 800 రకం పలచటి జాకెట్ కంటే వెచ్చగా ఉండొచ్చు. మంచె మీద కూర్చునేవారికి ఆ బరువైన చవక రకమే మేలు. కొండలెక్కేవారికి 800.

ఈకలు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. వాన, మంచు తడి ఎక్కువున్న చోట సింథటిక్ కూర్పు ఉన్న జాకెట్లు నయం. ప్రిమలాఫ్ట్ వంటివి 1980ల్లో అమెరికా సైన్యం కోసం, తడిసినా పనిచేసే ఈకల బదులుగా తయారైనవి. బరువు కొంచెం ఎక్కువ, ఏళ్ళు గడిచేకొద్దీ నలిగి పలచబడతాయి, కానీ తడిలో మోసం చేయవు.

వాన జాకెట్: నాలుగింతలు పెట్టదగ్గది, కొందరికి మాత్రమే

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ నిరాశ కలిగేదీ ఇక్కడే.

1969లో బాబ్ గోర్ అనే ఇంజనీరు టెఫ్లాన్ పదార్థాన్ని వేడిచేసి ఒక్కసారిగా గట్టిగా లాగితే అది సన్నని రంధ్రాల పొరగా సాగుతుందని కనిపెట్టాడు. అదే గోర్‌టెక్స్. ఆ రంధ్రాల్లోంచి నీటి చుక్క దూరదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. ఖరీదైన వాన జాకెట్లలో ఇదో, ఇలాంటి ఇంకో పొరో ఉంటుంది. చవక వాటిలో బట్ట లోపలి వైపు పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది. పూత కూడా వాన ఆపుతుంది, కొత్తలో బాగానే ఆపుతుంది. ఆవిరిని పంపడంలో మాత్రం వెనకబడుతుంది. నాలుగైదేళ్ళకు జిగటగా మారి పొలుసులు పొలుసులుగా ఊడిపోతుంది కూడా. తడిగా మడిచి మూలన పడేస్తే ఇంకా ముందే ఊడుతుంది.

చీటీ మీద 10,000 మి.మీ., 20,000 మి.మీ. అని రాసి ఉంటుంది. ఆ బట్ట ఎంత ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని కారకుండా ఆపగలదో చెప్పే కొలత అది. 10,000 అంటే 10 మీటర్ల ఎత్తు నీరు. మామూలు వానకు అంత అక్కర్లేదు. కానీ తడి నేల మీద మోకాలు ఆన్చినా, తడి దుంగ మీద కూర్చున్నా, బరువైన బ్యాగు పట్టీ భుజాన్ని నొక్కినా ఒత్తిడి అక్కడ అమాంతం పెరుగుతుంది. వేటగాడు రోజంతా చేసేది మోకాలు ఆన్చడం, కూర్చోవడం, బ్యాగు మోయడమే కదా. కాబట్టి వాన ప్యాంటుకు పెద్ద సంఖ్య అవసరం, జాకెట్‌కు మధ్యరకం చాలు. జనం దీన్ని తిరగేసి చేస్తారు. జాకెట్‌కు బోలెడంత పెట్టి, ప్యాంటు దగ్గర చేతికందింది తీసుకుంటారు. కొనేముందు లోపలి కుట్లు కూడా చూడండి. అన్ని కుట్ల మీదా టేపు అతికించి ఉండాలి. భుజాల దగ్గరా టోపీ దగ్గరా మాత్రమే టేపు వేసి మిగతావి వదిలేసినవి గట్టి వానలో చంకల కింద కారతాయి.

ఆవిరి పంపే పొర గురించి కంపెనీలు గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. లోపల వేడి, తేమ ఎక్కువుండి బయట తక్కువుంటేనే ఆవిరి బయటికి కదులుతుంది. వెచ్చటి ముసురులో, గాలి అప్పటికే తేమతో నిండి ఉన్నప్పుడు, ఎంత ఖరీదైన పొరైనా దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ వాతావరణంలో వేటాడేవారికి పొర కంటే చంకల కింద తెరుచుకునే జిప్పులు ఎక్కువ మేలు చేస్తాయి.

రెండో సంగతి పైబట్ట మీది నీటిని జార్చే పూత. కొత్త జాకెట్ మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోయేది దాని వల్లే. మట్టి, చెమట, పొగ పట్టి ఆ పూత పనిచేయడం మానేస్తే పైబట్ట నీటితో బరువెక్కుతుంది. లోపలి పొర కారకపోయినా, ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయి లోపల చెమటతో తడుస్తారు. అప్పుడు "ఇంత పోసి కొన్నాను, కారుతోంది" అంటారు. దానికి మందు ఉతకడమే. ఖరీదైన బట్ట ఉతికితే పాడవుతుందని భయపడి ఏళ్ళ తరబడి ఉతకనివాళ్ళు చాలామంది ఉన్నారు. చీటీ మీద చెప్పినట్టు తగిన సబ్బుతో ఉతికి, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తిప్పితే పూత చాలావరకు మళ్ళీ లేస్తుంది. అప్పటికీ లేవకపోతే స్ప్రే డబ్బాలో కొత్త పూత దొరుకుతుంది.

పాత పూతల్లో పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు వాడేవారు. అవి మట్టిలో, నీటిలో విరగకుండా ఏళ్ళ తరబడి మిగిలిపోతాయని తేలాక ఇప్పుడు చాలా కంపెనీలు వాటిని మానేస్తున్నాయి. 2025 జనవరి నుంచి అమెరికాలోని కాలిఫోర్నియాలో బట్టల్లో వాటిపై నిషేధం మొదలైంది. కొత్త పూతలు నీటిని ఆపుతాయి, నూనెను ఆపలేవు. అంటే ఇంకా తరచుగా ఉతకాలి. ఆ ఓపిక లేనివారు ఖరీదైన జాకెట్ కొన్నా రెండో ఏడుకే అది చవక జాకెట్‌లా పనిచేస్తుంది.

మరి తీర్పేమిటి? బండికి గంటలోపు దూరంలో వేటాడేవారికి మధ్యరకం చాలు, గట్టి వాన వస్తే వెనక్కి వెళ్ళొచ్చు. కొండల్లో రాత్రులు గడిపేవారికి, వెనక్కి రావడానికి రోజు పట్టే చోటికి వెళ్ళేవారికి, మొత్తం సామానులో ఎక్కువ పెట్టాల్సింది వాన జాకెట్, ప్యాంటు మీదే. అక్కడ తడవడం అసౌకర్యంతో ఆగదు, ఒంటి వేడి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

రంగులు, మచ్చలు, జంతువు కన్ను

మచ్చల బట్ట లేకుండా వేట లేదన్నట్టు ఉంటుంది ఇప్పటి వ్యాపారం. కానీ చెట్టు బెరడునూ ఆకులనూ పోలిన ఈ వేట మచ్చలు పాతవేమీ కాదు. జిమ్ క్రమ్లీ అనే వేటగాడు తెచ్చిన ట్రీబార్క్ రకం మచ్చలు 1980లో, రియల్‌ట్రీ, మాసీ ఓక్ రకాలు 1986లో వచ్చాయి. అంతకుముందు తరాల వేటగాళ్ళు గళ్ళ ఉన్ని కోట్లలోనే జింకలను కొట్టారు.

జింక కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. ఎరుపును పట్టే రకం దానికి లేదు. మన కళ్ళకు భగ్గుమనే నారింజ రంగు దానికి మసక రంగుల్లో ఒకటి. అదే నీలం మాత్రం దానికి బాగా కనిపిస్తుంది. జీన్సు మీద నా రెండో ఫిర్యాదు ఇదే. పైగా జింక కంటి కటకం అతినీలలోహిత కాంతిని మన కంటే ఎక్కువగా లోపలికి రానిస్తుంది. బట్ట తళతళలాడాలని ఉతికే పొడుల్లో కలిపే మెరుపు రసాయనాలు ఆ కాంతిని నీలంగా తిప్పి కొడతాయి. ఎంతో పోసి కొన్న మచ్చల జాకెట్‌ను మామూలు పొడితో ఉతికితే, అదేదీ లేని బూడిద రంగు ఉన్ని కోటు కంటే అది జింకకు ఎక్కువ కనిపించవచ్చు. ఆ రసాయనాలు లేని సబ్బు ధర కొంచెమే, చేసే మేలు పెద్దది.

సిట్కా అనే వేట బట్టల కంపెనీ వాడే ఆప్టిఫేడ్ మచ్చలు సైనిక మచ్చల మీద పనిచేసిన టిమ్ ఓనీల్, జంతువుల చూపును పరిశోధించిన జే నైట్జ్ సాయంతో తయారయ్యాయి. వెనక నిజమైన ఆలోచనే ఉంది: ఆకులను అనుకరించడం బదులు, జంతువు కంటికి మనిషి ఆకారం విరిగిపోయేలా చేయడం. అది మంచి ఆలోచనే. కానీ పెద్ద మచ్చలు, చిన్న మచ్చలు కలిసిన చవక బట్ట కూడా ఆకారాన్ని విరుస్తుంది. ఏ మచ్చా కదలికను దాచదు. జింక కళ్ళు తల పక్కలకు ఉండటం వల్ల వెనక కొద్ది భాగం తప్ప చుట్టూ చూడగలదు, ఆ చూపు కదలికను ఇట్టే పట్టేస్తుంది. బట్ట లోపల చలికి కదిలేవాడి మచ్చలు ఎంత గొప్పవైనా వృథాయే.

తుపాకీ వేట సీజన్‌లో చాలాచోట్ల ఇతర వేటగాళ్ళకు కనిపించడానికి నారింజ రంగు తప్పనిసరి. అమెరికాలోని కొలరాడోలో పెద్ద జంతువుల తుపాకీ వేటకు నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ వెలుగు రంగు, తల మీద అదే రంగు టోపీ ఉండాలని నియమం. ఖరీదైన మచ్చల జాకెట్ మీద చవక నారింజ చొక్కా తొడుక్కుంటే ఆ మచ్చలకు పెట్టినదంతా దాని కింద దాగిపోతుంది. మీరు వేటాడే చోట నియమం ఏమిటో ముందు చూసుకోండి, తర్వాత మచ్చల సంగతి.

పక్షుల వేటలో మాత్రం నేను మాట మారుస్తాను. పక్షుల కంటిలో రంగు కణాలు నాలుగు రకాలు. రంగులను అవి మనకంటే మెరుగ్గా చూస్తాయి. అడవి టర్కీ కోడి, బాతుల వేటలో చుట్టూ ఉన్న గడ్డి రంగుకు సరిపోయే మచ్చలు, ముఖానికి ముసుగు, చేతులకు గ్లోవ్స్ నిజంగా పనికొస్తాయి. అయినా అక్కడ కూడా కావలసింది సరైన రంగు, ఖరీదు కాదు.

వాసన ఆపే బట్టలు

వీటి మీద క్లుప్తంగా చెబుతాను: కొనకండి. బొగ్గు పొడి ఇమిడ్చిన బట్ట కొత్తలో కొంత వాసన పట్టుకుంటుంది. అది నిండాక మళ్ళీ ఖాళీ చేయాలంటే ఇంటి డ్రయ్యర్ వేడి చాలదు. మీ ఊపిరి, జుట్టు, బూట్లు, తుపాకీ నూనె వాసన ఎలాగూ బయటికి వస్తూనే ఉంటుంది. గాలివాటం చూసి కూర్చునే చోటు ఎంచుకోవడం అంతకంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది, దానికి చిటికెడు పొడి గాలిలో వదిలితే చాలు. కొండ వాలున ఎండ ఎక్కేకొద్దీ గాలి పైకి, సాయంత్రం చల్లబడేకొద్దీ కిందికి నడుస్తుందని గుర్తుంటే ఆ డబ్బు ఆదా అయినట్టే.

చప్పుడు

కొట్లో ఎవరూ పట్టించుకోని గుణం ఇది. నాకైతే మచ్చల కంటే వంద రెట్లు ముఖ్యం. గట్టి నైలాన్ పైబట్ట కొమ్మకు రాసుకుంటే గరగరమంటుంది. విల్లు లాగే వేటలో అది చాలు, జంతువు తల ఎత్తుతుంది. ఖరీదైన వేట కంపెనీలు వాన జాకెట్ పైన నూగు బట్ట వేసి ఈ చప్పుడు తగ్గిస్తాయి. పర్వతారోహణ జాకెట్ల ముందు వేట జాకెట్లు నిజంగా గెలిచే చోటు ఇదే. నూగు బట్ట నీళ్ళు కొంచెం ఎక్కువ పీలుస్తుంది, ఆరడం ఆలస్యం. దగ్గర నుంచి విల్లుతో వేటాడేవారికి ఆ మార్పిడి లాభమే. మూడు వందల మీటర్ల నుంచి తుపాకీతో కాల్చేవారికి అంత అవసరం లేదు.

మీ ముందున్న దారులు

మొదటిది పేరున్న వేట కంపెనీలు. సిట్కా 2005లో మొదలైంది, 2009లో గోర్‌టెక్స్ తయారుచేసే గోర్ కంపెనీ చేతికి వెళ్ళింది. దాని స్థాపకుల్లో ఒకరైన జేసన్ హెయిర్‌స్టన్ తర్వాత కుయు మొదలుపెట్టి, మధ్యలో దుకాణాలు లేకుండా నేరుగా అమ్మే పద్ధతి తెచ్చారు. ఈ తరగతి బట్టల్లో కొలతలు వేటకు సరిపోతాయి. చేతులు ఎత్తి గురిపెట్టినా నడుము దగ్గర జాకెట్ పైకి లేవదు, జేబులు బ్యాగు పట్టీ కింద పడవు, మోకాళ్ళ దగ్గర బట్ట సాగుతుంది. పాతబడ్డా మంచి ధరకు అమ్ముడుపోతాయి. లెక్క వేసేటప్పుడు ఆ తిరుగు ధరను కూడా తీసేయండి.

రెండోది పర్వతారోహకుల బట్టలు. మెరినో, ఈకల జాకెట్, వాన జాకెట్, బూట్లు అన్నీ అదే నాణ్యతతో, సీజన్ చివర్లో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. గోధుమ, బూడిద, ఆకుపచ్చ రంగులు తీసుకోండి, నీలం వద్దు. కొండల వేటకు ఎక్కువమందికి నేను చెప్పే దారి ఇదే.

మూడోది సైనిక మిగులు సామాను, పాత ఉన్ని. బరువైనా చప్పుడు లేని, ముళ్ళకు చిరగని, నిప్పురవ్వకు కరగని ఉన్ని ప్యాంటు మంచె వేటగాడికి ఇప్పటికీ గొప్ప బట్ట. 1897లో మొదలైన ఫిల్సన్ అనే అమెరికా కంపెనీ ఇలాంటి మందపాటి ఉన్నికే పేరు పడింది. కొత్తది ఖరీదే, సెకండ్‌హ్యాండ్‌లో సైనిక ఉన్ని మాత్రం దాదాపు ఉత్తపుణ్యానికి వస్తుంది.

నాలుగోది పెద్ద దుకాణాల్లో జాకెట్, ప్యాంటు కలిపి అమ్మే చవక మచ్చల జత. నేను ఎవరికీ చెప్పని దారి ఇదొక్కటే. లోపల పలచటి కూర్పు, పైన గరగరలాడే బట్ట, కుట్లకు టేపు ఉండదు. అదే డబ్బుతో ఒక మంచి ఫ్లీస్, ఒక సైనిక ఉన్ని ప్యాంటు వస్తాయి.

కొట్లో చేయాల్సిన పనులు

బట్టను చెవి దగ్గర పెట్టుకుని రెండు వైపులా రుద్దండి. లోపల మందపాటి పొరలు వేసుకుని వెళ్ళి, వాటి మీదే జాకెట్ తొడిగి చూడండి. తుపాకీ భుజానికి ఆన్చినట్టు, విల్లు లాగినట్టు చేతులు ఎత్తండి. గొంతుక్కూర్చుని లేవండి. మోకాలు ఆన్చండి. గ్లోవ్స్ తొడుక్కుని జిప్పు లాగండి. టోపీ ఎత్తి తల పక్కకు తిప్పండి, టోపీ తలతో పాటు తిరగకపోతే వానలో సగం చూపు పోతుంది. జిప్పు తెగినా, కుట్టు ఊడినా కంపెనీ బాగుచేసి ఇస్తుందా అని అడగండి. బాగుచేసి ఇచ్చే కంపెనీకి ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ధరను సీజన్ల మీద పంచి చూడండి. ఏటా రెండు రోజులు వేటకు వెళ్ళేవారికి చవకది కూడా పదేళ్ళు వస్తుంది, నాలుగింతలు పెట్టినా ఆ తేడా ఎప్పటికీ తిరిగి రాదు. ఏటా నెల రోజులు అడవిలో ఉండేవారికి చవకది రెండేళ్ళకొకసారి మార్చాలి. అక్కడ ఖరీదైనదే చివరికి చవక.

కొనే వరస

డబ్బు పరిమితంగా ఉంటే నా వరస ఇది. మంచె ఎక్కే వారైతే అన్నిటికంటే ముందు ఒళ్ళంతా పట్టి ఉంచే మంచి సేఫ్టీ బెల్టు. మంచె మీంచి పడే ప్రమాదం ముందు ఏ జాకెట్టూ లెక్కలోకి రాదు. తర్వాత మీ పాదానికి సరిగ్గా సరిపోయే బూట్లు, ఉన్ని సాక్సు. ఆ తర్వాత మెరినో లోపలి పొర ఒకటి, చవక ఫ్లీస్ ఒకటి. కూర్చునేవారైతే బరువైన వెచ్చటి పై జాకెట్, నడుము నుంచి గుండె దాకా వచ్చే చలి ప్యాంటు. నడిచేవారైతే మంచి వాన ప్యాంటు, ఆ తర్వాత వాన జాకెట్. గ్లోవ్స్ రెండు జతలు: కాల్చేందుకు పలచటివి, కూర్చునేందుకు మందపాటివి, రెండూ చవకవే చాలు.

పైబట్ట మచ్చలు ఈ వరసలో చివర వస్తాయి. అవి కొనే వేళకు డబ్బు మిగిలి ఉంటే, దానితో తూటాలు కొని, సీజన్‌కు ముందు గురి సాధన చేయండి. మోకాలి మీద కూర్చుని, మందపాటి కోటు తొడుక్కుని, గ్లోవ్స్‌తో కాల్చి చూడండి. కోటు చేతుల దగ్గర పట్టేస్తోందో, టోపీ కంటికి అడ్డం వస్తోందో అక్కడే తెలుస్తుంది, కొట్టువాడు వెనక్కి తీసుకునే గడువు దాటకముందే.